ఢీకొట్టి వెళ్లిపోతే: చట్టం ఏమంటుంది, బాధితులకు దారేది?

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటి ఉంది: గుర్తుతెలియని వాహనం ఢీకొని ఫలానా వ్యక్తి మృతిచెందాడు. వాహనం ఏదో తెలియదు, నడిపినవారెవరో తెలియదు. కేసు నమోదైంది, దర్యాప్తు జరుగుతోంది అన్న మాటతో వార్త ముగుస్తుంది. చాలా సందర్భాల్లో ఆ కుటుంబానికి సంబంధించిన సమాచారం కూడా అక్కడితోనే ఆగిపోతుంది.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. అదే ఏడాది ఢీకొట్టి వెళ్లిపోయిన ఘటనలు 67,387 కాగా, వాటిలో మృతులు 30,486 మంది. అంటే రోడ్డు ప్రమాద మృతుల్లో ప్రతి వందమందిలో సుమారు 18 మందిని ఢీకొట్టిన వాహనం అక్కడ ఆగలేదు.

ప్రమాదం చేసి వెళ్లిపోయిన వ్యక్తి ఏ శిక్షలకు గురవుతాడు? వాహనం ఆచూకీ దొరకకపోతే బాధిత కుటుంబానికి మిగిలే హక్కులేమిటి? 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణలు, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ రెండు ప్రశ్నల జవాబులనూ గణనీయంగా మార్చాయి. ఆ మార్పుల సమగ్ర వివరణ ఇది.

ఒకే మాట, రెండు అర్థాలు

‘హిట్ అండ్ రన్’ అనే మాటను వార్తల్లోనూ సంభాషణల్లోనూ ఢీకొట్టి పారిపోయిన ప్రతి ఘటనకూ వాడుతుంటాం. నిందితుడు మర్నాడు పట్టుబడినా, కారు నంబరు కెమెరాకు చిక్కినా ఆ పేరు మారదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 161 మాత్రం ఈ మాటకు మరింత ఇరుకైన అర్థం ఇచ్చింది. తగిన ప్రయత్నాలు చేసినప్పటికీ వాహనం ఏదో తేలని ప్రమాదమే ఆ సెక్షన్ దృష్టిలో హిట్ అండ్ రన్ ప్రమాదం.

ఈ తేడా బాధితుల పరిహారాన్ని నిర్ణయిస్తుంది. వాహనం దొరికితే యజమానిపైనా, బీమా సంస్థపైనా మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌లో దావా వేయవచ్చు. అక్కడ మృతుని వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్య లెక్కలోకి వస్తాయి. వాహనం దొరకకపోతే ఆ దారి మూసుకుపోయి, ప్రభుత్వం నిర్దేశించిన స్థిరమైన మొత్తం మాత్రమే మిగులుతుంది. నిందితుడికి పడే శిక్ష విషయంలో మాత్రం ఈ నిర్వచనంతో పని లేదు. వాహనం ఎప్పుడు దొరికినా నేర బాధ్యత నేర బాధ్యతగానే ఉంటుంది.

ఆగడం మర్యాద కాదు, విధి

ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు ఏం చేయాలో మోటారు వాహనాల చట్టంలోని 132, 133, 134 సెక్షన్లు చెబుతాయి. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో ఈ విధులకు సంబంధం లేదు. పాదచారి అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చినా, ఎదుటి వాహనమే దోషి అయినా డ్రైవరు విధులు తప్పవు.

ప్రధానమైనది సెక్షన్ 134. ఎవరికైనా గాయాలైనా, మూడో వ్యక్తి ఆస్తికి నష్టం కలిగినా అది వర్తిస్తుంది. దాని ప్రకారం డ్రైవరు లేదా వాహనానికి బాధ్యుడైన వ్యక్తి మూడు పనులు చేయాలి. మొదటిది, గాయపడినవారిని సమీప వైద్యుని వద్దకో ఆసుపత్రికో చేర్చి చికిత్స అందేలా చూడడం. రెండోది, పోలీసు అధికారి అడిగిన సమాచారం ఇవ్వడం. అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, సమీప పోలీసు స్టేషనులో జరిగినదంతా చెప్పడం. మూడోది, పాలసీ నంబరు, దాని గడువు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, స్థలం, గాయపడిన లేదా మరణించినవారి వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలను బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయడం.

సెక్షన్ 132 ప్రకారం ప్రమాదంలో చిక్కుకున్న వాహనాన్ని యూనిఫారంలో ఉన్న, సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి కోరితే ఆపి తీరాలి. ఈ సెక్షన్ మనుషులకే పరిమితం కాదు. గుర్రం, పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచర గాడిద, గొర్రె, మేకలకు జరిగిన ప్రమాదాలకూ వర్తిస్తుంది. పల్లె రోడ్డుపై గేదెనో మేకనో ఢీకొట్టి వెళ్లిపోవడం చట్టానికి పట్టని విషయమనుకోవడం పొరపాటు.

సెక్షన్ 133 వాహన యజమానికి సంబంధించినది. ప్రమాద సమయంలో వాహనం ఎవరి చేతిలో ఉందో, వారి చిరునామా, లైసెన్సు వివరాలేమిటో పోలీసులు అడిగితే యజమాని చెప్పాలి. బండిని మిత్రుడికి ఇచ్చాననో, అద్దెకు తిప్పుతున్నాననో చెప్పి ఊరుకోవడానికి వీల్లేదు.

గుంపు భయం ఉంటే?

ప్రమాదస్థలంలో ఆగితే జనం కొడతారని, అందుకే వెళ్లిపోయామని డ్రైవర్లు చెప్పడం కద్దు. ఆ భయం నిరాధారమైనది కాదని చట్టమూ గుర్తించింది. గుంపు ఆగ్రహం వల్ల గానీ, తన అదుపులో లేని మరే కారణం వల్ల గానీ సాధ్యం కానప్పుడు క్షతగాత్రుణ్ని ఆసుపత్రికి చేర్చే విధికి సెక్షన్ 134లోనే మినహాయింపు ఉంది.

అయితే ఆ మినహాయింపు అక్కడి వరకే. పోలీసులకు సమాచారం ఇచ్చే విధి అలాగే ఉంటుంది. పైగా, చికిత్స అందించేందుకు ప్రయత్నించలేకపోయిన కారణాలేమిటో కూడా ఆ నివేదికలో చెప్పాలని చట్టం అంటోంది. కాబట్టి స్థలం నుంచి కదలడం, పారిపోవడం ఒకటి కావు. ప్రాణభయంతో కొంత దూరం వెళ్లి 112కు ఫోన్ చేసి, నేరుగా పోలీసు స్టేషనుకు చేరిన డ్రైవరు చట్టాన్ని పాటించినవాడే. ఇంటికి వెళ్లి కారును షెడ్డులో పెట్టి ఫోన్ ఆపేసినవాడికి ఈ రక్షణ లేదు.

ఏ నేరానికి ఎంత శిక్ష

ప్రమాదం చేసి వెళ్లిపోయిన వ్యక్తిపై సాధారణంగా రెండు చట్టాల కింద అభియోగాలు నమోదవుతాయి. వెళ్లిపోవడం ఒక నేరం, నిర్లక్ష్యంగా నడపడం మరొక నేరం.

మొదటిదానికి మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 187 వర్తిస్తుంది. సెక్షన్ 134 వంటి విధులను ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మరోసారి దోషిగా తేలితే ఏడాది వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి నేరానికి మూడు నెలల జైలు, రూ.500 జరిమానా మాత్రమే గరిష్ఠ పరిమితులు.

రెండోదానికి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. ప్రాణాలకు ముప్పు కలిగేలా దురుసుగా లేదా నిర్లక్ష్యంగా వాహనం నడిపితే సెక్షన్ 281 కింద ఆరు నెలల వరకు జైలు, రూ.1,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అలాంటి చర్య వల్ల ఒకరికి గాయమైతే సెక్షన్ 125 ప్రకారం ఆరు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా. తీవ్రగాయమైతే మూడేళ్ల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా విధించే వీలుంది.

మరణం సంభవిస్తే సెక్షన్ 106(1) వర్తిస్తుంది. దీని కింద అయిదేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. పాత భారతీయ శిక్షాస్మృతిలోని సెక్షన్ 304ఏ ప్రకారం ఇదే నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. శిక్ష పెరిగినా ఇది ఇప్పటికీ బెయిలు హక్కుగా లభించే నేరమే. ‘మనిషిని చంపి గంటల్లో బయటికి వచ్చేశాడు’ అనే ఆగ్రహం వెనుక తరచుగా ఉండే చట్టపరమైన కారణం ఇదే.

ప్రాణం పోయే అవకాశం ఉందని తెలిసీ నడిపినట్లు ఆధారాలుంటే కేసు స్వరూపం మారిపోతుంది. అప్పుడు నిర్లక్ష్యానికి బదులు, హత్య కిందికి రాని శిక్షార్హమైన నరహత్య అభియోగం వస్తుంది. న్యాయ సంహితలో దీనికి సంబంధించినది సెక్షన్ 105. కేవలం తెలిసి చేసిన సందర్భంలో పదేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ఇది బెయిలు హక్కుగా దొరకని నేరం.

ఈ మార్గాన్ని సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన రెండు తీర్పులు స్థిరపరిచాయి. 2006 నవంబరులో ముంబయిలోని బాంద్రా కార్టర్ రోడ్డులో కాలిబాటపై నిద్రిస్తున్న కూలీలపైకి కారు దూసుకెళ్లి ఏడుగురు మరణించారు. ఆ కేసులో నిర్లక్ష్యంతో పాటు నరహత్య నేరాన్నీ కోర్టు ఖాయం చేసి మూడేళ్ల జైలుశిక్షను సమర్థించింది. 1999 జనవరి 10 తెల్లవారుజామున ఢిల్లీ లోధీ కాలనీలో బీఎండబ్ల్యూ కారు ఢీకొని ముగ్గురు పోలీసులు సహా ఆరుగురు మరణించిన కేసులోనూ నరహత్య సెక్షనే వర్తిస్తుందని తేల్చింది. అప్పటికి అనుభవించిన రెండేళ్ల జైలునే సరిపెట్టినప్పటికీ, రూ.50 లక్షలు చెల్లించాలని, రెండేళ్లు సమాజసేవ చేయాలని ఆదేశించింది. ఆ సొమ్మును వాహనం ఆచూకీ తెలియని ప్రమాదాల బాధితుల పరిహారానికి వినియోగించాలని చెప్పడం గమనార్హం. క్షతగాత్రులను పట్టించుకోకుండా వెళ్లిపోవడాన్ని ఆ తీర్పు గర్హించింది.

లైసెన్సు సంగతి వేరు. వాహనంతో ముడిపడిన నేరంలో దోషిగా తేలినవారిని నిర్ణీత కాలం పాటు డ్రైవింగుకు అనర్హులుగా ప్రకటించే అధికారం సెక్షన్ 20 కింద కోర్టులకు ఉంది. సెక్షన్ 134 ఉల్లంఘనలో దోషి అయితే కనీసం ఒక నెల అనర్హత విధించాలి. ఇది కాక, సెక్షన్ 19 కింద లైసెన్సు జారీచేసే అధికారి స్వయంగా చర్య తీసుకోవచ్చు.

పదేళ్ల శిక్ష: పుస్తకంలో ఉంది, అమలులో లేదు

ప్రజల్లో అత్యధిక గందరగోళానికి కారణమైనది న్యాయ సంహితలోని సెక్షన్ 106(2). దురుసుగా, నిర్లక్ష్యంగా వాహనం నడిపి మరణానికి కారకుడై, ఆ వెంటనే పోలీసు అధికారికి గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోయిన వ్యక్తికి పదేళ్ల వరకు జైలు, జరిమానా విధించాలని అది చెబుతోంది. ఇక్కడ శిక్ష రెట్టింపు కావడానికి కారణం ప్రమాదం కాదు, చెప్పకుండా తప్పించుకోవడం.

2023 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టాన్ని ఆమోదించగానే లారీ, ట్యాంకరు డ్రైవర్లు పలు రాష్ట్రాల్లో ఆందోళనకు దిగారు. 2024 జనవరి 2న హైదరాబాదులో పెట్రోలు దొరకదేమోనన్న ఆందోళనతో బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ఆగితే జనం దాడి, ఆగకపోతే పదేళ్ల జైలు అన్నది డ్రైవర్ల వాదన. ఆ రోజు రాత్రి అప్పటి కేంద్ర హోంశాఖ కార్యదర్శి అజయ్ భల్లా అఖిల భారత మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ ప్రతినిధులతో చర్చలు జరిపి, వారిని సంప్రదించిన తర్వాతే ఈ నిబంధనను అమలుచేస్తామని హామీ ఇచ్చారు.

2024 ఫిబ్రవరిలో జారీచేసిన ప్రకటనలో న్యాయ సంహిత జులై 1 నుంచి అమల్లోకి వస్తుందని పేర్కొన్న కేంద్రం, సెక్షన్ 106(2)ను మినహాయించింది. కాబట్టి కేంద్రం ప్రత్యేకంగా తేదీ ప్రకటించేంత వరకు ఈ ఉపవిభాగం కింద ఎవరినీ శిక్షించడం కుదరదు. పారిపోయిన డ్రైవరుపై మరణం విషయంలో 106(1) గానీ, ఆధారాలను బట్టి 105 గానీ, వాటితో పాటు మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్లు గానీ వర్తిస్తాయి. ఆందోళన సమయంలో రూ.7 లక్షల జరిమానా తప్పదని సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా ప్రచారం జరిగింది. ఆ సెక్షన్‌లో జరిమానా అన్న మాటే తప్ప ఎలాంటి మొత్తమూ లేదు.

పారిపోతే నేరం రుజువైనట్టేనా?

కాదు. భయం వల్ల, అయోమయం వల్ల నిర్దోషులు కూడా స్థలం విడిచిపోవచ్చని న్యాయస్థానాలు అనేకసార్లు చెప్పాయి. అయితే ఘటన తర్వాతి ప్రవర్తన పరిశీలించదగిన అంశమేనని భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 6 చెబుతోంది. అంటే పారిపోవడం ఒక్కటే నిర్లక్ష్యాన్ని రుజువు చేయదు. ఇతర ఆధారాలతో కలిసినప్పుడు బలమైన కొసరు అవుతుంది.

మద్యం మత్తు బయటపడకుండా ఉండేందుకే కొందరు మాయమవుతారనేది దర్యాప్తు అధికారులకు తెలిసిన విషయమే. సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. గంటలు గడిచేకొద్దీ ఆ పరిమాణం తగ్గిపోతుంది. అలా ఒక నేరం రుజువు కాకుండా తప్పించుకోవచ్చు గానీ, స్థలం విడిచిపోయిన నేరం అదనంగా చేరుతుంది. పైగా మద్యం దుకాణం బిల్లులు, సీసీ కెమెరాల దృశ్యాలు, సాక్షుల వాంగ్మూలాలతో పోలీసులు ఆ ముందు గంటలను పునర్నిర్మించే ప్రయత్నం చేస్తారు.

కారును కడిగించడం, పగిలిన అద్దం మార్పించడం, నడిపినవాడి స్థానంలో జీతానికి పనిచేసే డ్రైవరును స్టేషనుకు పంపడం మరింత ప్రమాదకరం. సాక్ష్యాలను మాయం చేయడం, నేరస్తుణ్ని కాపాడేందుకు తప్పుడు సమాచారం ఇవ్వడం న్యాయ సంహితలోని సెక్షన్ 238 కింద వేరే నేరాలు. ఇందులో కుటుంబసభ్యులు కూడా నిందితులు కావచ్చు. నడిపినది మైనరైతే సెక్షన్ 199ఏ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా, ఏడాదిపాటు వాహన రిజిస్ట్రేషను రద్దు ఉంటాయి. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు.

బీమా సంస్థ చెల్లిస్తుందా?

డ్రైవరు పారిపోయినా, వాహనం గుర్తింపు దొరికి పాలసీ అమల్లో ఉంటే బాధితులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు ఉంటుంది. థర్డ్ పార్టీ బాధ్యత నుంచి తప్పుకోవడానికి చట్టం పేర్కొన్న కారణాల్లో స్థలం విడిచిపోవడం లేదు. లైసెన్సు లేకపోవడం వంటి పాలసీ ఉల్లంఘన ఉన్న కేసుల్లో సైతం ముందు బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని ఆదేశించే విధానాన్ని సుప్రీంకోర్టు 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో సమర్థించింది. కాబట్టి బీమా ఉందిగదా అన్న నిశ్చింత యజమానికి కుదరదు. ఆ భారం చివరికి తన ఆస్తి మీదికే రావచ్చు.

బాధితులకు రెండు దారులున్నాయి. తప్పు ఎవరిదో నిరూపించనవసరం లేకుండా సెక్షన్ 164 కింద మరణానికి రూ.5 లక్షలు, తీవ్రగాయానికి రూ.2.5 లక్షలు కోరవచ్చు. నిర్లక్ష్యాన్ని నిరూపించి సెక్షన్ 166 కింద పూర్తి పరిహారం కోరవచ్చు. సెక్షన్ 166 కింద దరఖాస్తుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువును 2019 సవరణ విధించింది. దాని చెల్లుబాటును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు దాఖలైనప్పటికీ, గడువులోగా దరఖాస్తు చేయడమే క్షేమం.

వాహనం దొరకకపోతే రూ.2 లక్షలు

గుర్తుతెలియని వాహనం ఢీకొని మరణించినవారి కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50,000 చెల్లించాలని సవరించిన సెక్షన్ 161 చెబుతోంది. అంతకుముందు ఈ మొత్తాలు రూ.25,000, రూ.12,500 మాత్రమే. 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త పథకం అమలవుతోంది. ఎముక విరగడం వంటివి తీవ్రగాయం కిందికే వస్తాయి.

ఈ పరిహారానికి కోర్టుకు వెళ్లనవసరం లేదు. నిర్ణీత ఫారంలో క్లెయిముల విచారణాధికారికి దరఖాస్తు చేయాలి. రెవెన్యూ డివిజను అధికారి లేదా తహసీల్దారు స్థాయి అధికారి ఈ బాధ్యత నిర్వహిస్తారు. ఎఫ్ఐఆర్ ప్రతి, పోస్టుమార్టం నివేదిక లేదా గాయాల ధ్రువపత్రం, గుర్తింపు పత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం ప్రతి దగ్గర ఉంచుకోవాలి. విచారణాధికారి నెలలోగా నివేదికను జిల్లా కలెక్టరుకు పంపాలి. కలెక్టరు 15 రోజుల్లో మంజూరు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత మరో 15 రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ఆ సొమ్మును చెల్లించాలి. అన్నీ సక్రమంగా సాగితే రెండు నెలల్లో డబ్బు అందాలి.

తర్వాత ఎప్పుడైనా వాహనం దొరికి, ట్రైబ్యునల్ పరిహారం ఇస్తే ముందు అందిన మొత్తాన్ని అందులోంచి సర్దుబాటు చేస్తారు. కాబట్టి ఈ సాయం తీసుకుంటే పెద్ద పరిహారం పోతుందన్న భయం అక్కర్లేదు.

ఇంత సులువైన పథకం ఎందరికి అందింది? సుప్రీంకోర్టు ముందుంచిన లెక్కల ప్రకారం 2022-23 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కారమైనవి 95. ఏటా 30 వేలమంది మరణిస్తున్న విభాగంలో దరఖాస్తులు రెండు వందలు. ఈ అంతరం ప్రధానంగా సమాచార లోపం వల్ల ఏర్పడినది.

కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రచికిత్స నిపుణుడు ఎస్.రాజశేఖరన్ దాఖలు చేసిన వ్యాజ్యంలో న్యాయమూర్తులు అభయ్ ఎస్.ఓకా, పంకజ్ మిత్తల్‌ల ధర్మాసనం 2024 జనవరి 12న దీనిపై స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. ప్రమాద నివేదిక నమోదైన నెల రోజుల్లో వాహనం ఏదో తేలకపోతే, ఈ పథకం కింద పరిహారం కోరవచ్చని స్టేషను అధికారి బాధితులకు లిఖితపూర్వకంగా చెప్పాలి. విచారణాధికారి చిరునామా, ఫోన్ వివరాలు కూడా ఇవ్వాలి. తొలి ప్రమాద నివేదికను ఆ అధికారికి పంపాలి. అయినా దరఖాస్తు రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కుటుంబాన్ని సంప్రదించి సాయపడాలి. ఈ పనులను పర్యవేక్షించే కమిటీ ప్రతి జిల్లాలో ఉండాలి.

కనుక బాధిత కుటుంబం నెల గడిచాక పోలీసు స్టేషనుకు వెళ్లి ఆ లిఖితపూర్వక సమాచారం అడగడం హక్కుగా చేయదగిన పని. అక్కడ స్పందన లేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.

తొలి గంటలో చికిత్స

తీవ్రగాయం తగిలిన తర్వాతి గంటను చట్టం ‘గోల్డెన్ అవర్’గా నిర్వచించింది. సత్వర చికిత్సతో మరణాన్ని నివారించే అవకాశం అప్పుడే అత్యధికం. డ్రైవరు ఆగడాన్ని చట్టం అంతగా పట్టించుకోవడానికి అసలు కారణం ఇదే. నిర్మానుష్యమైన రహదారిపై రాత్రివేళ ప్రమాదం జరిగితే, దాని గురించి తెలిసిన మనిషి ఢీకొట్టినవాడు ఒక్కడే కావచ్చు. అతడు వెళ్లిపోతే అంబులెన్సుకు ఫోన్ చేసేవారే ఉండరు.

పోలీసు కేసు అన్న కారణంతో వైద్యం నిరాకరించడం చెల్లదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చిచెప్పింది. కారు ఢీకొన్న స్కూటరిస్టును వైద్యులు చేర్చుకోకుండా దూరంలోని మరో ఆసుపత్రికి పంపగా, ఆయన దారిలోనే మరణించారన్న పత్రికా కథనం ఆ వ్యాజ్యానికి మూలం. లాంఛనాల కోసం ఎదురుచూడకుండా చికిత్స చేయడం వైద్యుల విధి అని సెక్షన్ 134 కూడా చెబుతోంది.

ఖర్చు విషయంలో 2025 మేలో నోటిఫై అయిన నగదురహిత చికిత్స పథకం కొత్త భరోసా. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కో బాధితుడికి రూ.1.5 లక్షల దాకా, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స లభిస్తుంది. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియని కేసులకూ ఇది వర్తిస్తుంది.

దారినపోయేవారు సాయం చేయడానికి సందేహించనవసరం లేదు. సెక్షన్ 134ఏ ప్రకారం సదుద్దేశంతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. పేరు, చిరునామా చెప్పాలని, సాక్షిగా ఉండాలని వారిని బలవంతపెట్టకూడదు.

ఆ క్షణంలో ఏం చేయాలి?

మీరు నడుపుతున్న వాహనం ప్రమాదానికి గురైతే బండిని పక్కకు ఆపి, హెచ్చరిక దీపాలు వెలిగించండి. 108కి ఫోన్ చేయండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ అత్యవసర సేవ ఇప్పుడు అనేక రాష్ట్రాల్లో ఉంది. 112 దేశమంతటా పనిచేస్తుంది. జాతీయ రహదారిపై ఉంటే 1033కి కూడా చెప్పవచ్చు. జనం మీదికి వచ్చే ప్రమాదం ఉంటే అక్కడి నుంచి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లండి. ఫోన్ చేసిన సమయం మీ కాల్ జాబితాలో ఉంటుంది. అది మీకు అనుకూలమైన ఆధారం. 24 గంటల్లోగా నివేదిక ఇచ్చి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి.

మీరు బాధితులైతే, లేదా బాధితుల పక్షాన ఉంటే, వాహనం రంగు, రకం, నంబరులో గుర్తున్న అంకెలు, అది వెళ్లిన దిక్కు వెంటనే రాసిపెట్టుకోండి. సమీపంలోని దుకాణాలు, పెట్రోలు బంకులు, టోల్‌గేట్ల కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోవచ్చు కాబట్టి వాటిని సేకరించాలని పోలీసులను లిఖితపూర్వకంగా కోరండి. ప్రమాదం ఏ స్టేషను పరిధిలో జరిగిందో తెలియకపోయినా, నాగరిక సురక్షా సంహితలోని సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను పోలీసులు పరిహార ట్రైబ్యునల్‌కు పంపాలన్నది నిబంధన. అది వెళ్లిందో లేదో అడగండి.

ఆగిన డ్రైవరుపైనా కేసు నమోదు కావచ్చు. అయితే అది ప్రమాదం తాలూకు కేసు; బెయిలు దొరుకుతుంది, బీమా అండగా ఉంటుంది, తప్పు తనది కాదని చెప్పుకునే అవకాశం మిగులుతుంది. పారిపోయినవాడి మీద అదనపు నేరాలు చేరతాయి, అతని మాటకు విలువ తగ్గుతుంది. రోడ్డు పక్కన పడివున్న మనిషికి మాత్రం ఆ ఒక్క ఫోన్ కాల్ బతుకుకూ చావుకూ మధ్య తేడా కావచ్చు.